గిడుగు పంతులుగారి వ్యసనములు

వ్యసనమను మాటకు తెలుగున మంచిపేరు లేదు. నీతిశాస్త్రకారులు రాజులకు సప్తవ్యసనములను చెప్పి, వానిని దూరముగా నుంచుమని హెచ్చరించిరి. జూదము, వేట, పానము మొదలైనవి ఆ పట్టికలోనివి. కాని జీతమునకై చేయు పని ముగిసిన పిమ్మట మనుష్యుని మనస్సు దేనివైపు పరుగెత్తునో, నలుగురు నవ్వినను దేనిని విడువలేకుండునో, అదియు వ్యసనమే. ఇట్టివి ఒకటి గాక మూడు నాలుగు పట్టుకొన్న మనిషిని ఇరుగుపొరుగువారు వింతమనిషి అందురు. చనువున్నవారు పిచ్చివాడనియే అందురు. పర్లాకిమిడిలో బడిపంతులుగా జీవితము ప్రారంభించిన గిడుగు వేంకట రామమూర్తిగారు ఆ కోవలో అగ్రగణ్యులు.

వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుగుచున్నది. నాడు సభలలో వక్తలు వారిని వ్యావహారిక భాషోద్యమ పితామహుడని కొనియాడి, పూలమాల వేసి, ఇండ్లకు పోవుదురు. ఆ పొగడ్త సత్యమే గాని సమగ్రము కాదు. భాషోద్యమము వారి వ్యసనములలో చివరిది. దానికి ముందు శాసనములు, సవరభాష, కొండలలోని బడులు వారి తీరిక సమయమునంతయు, చేతిలోని సొమ్మునందు చాలభాగమును, తుదకు వినికిడిని గూడ అపహరించినవి. ముందరివి తెలియనిచో చివరిది ఎట్లు పుట్టినదో తెలియదు.

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా తీరమందలి పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు చిన్న ఉద్యోగి. పంతులుగారి పండ్రెండవ యేటనే విషజ్వరముతో మరణించిరి. బాలుడు విజయనగరమున మేనమామగారి యింట నుండి చదువుకొనెను. అచ్చట సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఒకే బడిలో చదివిన ఆ పిల్లవారిద్దరును ముందు ముందు తెలుగు వచనపు నడకను మార్చువారగుదురని నాటి ఉపాధ్యాయులు ఊహించియుండరు. 1879లో మెట్రిక్యులేషను ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతముపై పంతులుగారు చేరిరి. బోధించవలసినది చరిత్ర. ఉద్యోగము చేయుచునే ఇంటిలో చదువుకొని, 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలయందు కృతార్థులైరి. పదునారేండ్లు పట్టిన ఈ చదువే వారి స్వభావమును చెప్పకయే చెప్పుచున్నది. వారు దేనిని పట్టుకొన్నను త్వరపడరు, విడువరు.

చరిత్ర చెప్పు పంతులు పాఠ్యపుస్తకముతో తృప్తిపడినచో ఎవరును తప్పుపట్టరు. పంతులుగారికి ఆ తృప్తి కలుగలేదు. స్వగ్రామమునకు చేరువ ముఖలింగమున మధుకేశ్వరాలయము కలదు. ఆ గోడలనిండ, స్తంభములనిండ శాసనములు. తరతరములుగా జనులు వానికి చేయి తగిలించి నమస్కరించుచుండిరేగాని చదువువారు లేకుండిరి. పంతులుగారు గురువు లేకయే ప్రాచీన లిపులను అభ్యసించి ఆ శాసనములను చదువ మొదలిడిరి. నడగాము గ్రామమున దొరకిన వజ్రహస్తుని తామ్రశాసనమును పరిష్కరించి, 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటమున ప్రకటించిరి. అది శకవర్షము 979, అనగా క్రీ.శ. 1057-58 నాటిది. తూర్పుగాంగుల రాజధానియైన కళింగనగరము సముద్రతీరమందలి కళింగపట్నము కాదనియు, వంశధారా తీరమందలి ముఖలింగమేననియు వారు వాదించిరి. ఆ నిర్ణయమును తరువాతి చరిత్రకారులు పెక్కుమంది అంగీకరించిరి. ఒక చిన్న సంస్థానపు బడిపంతులు, సెలవుదినముల శ్రమతో, ఒక రాజవంశపు రాజధానిని దాని చోట నిలిపెను.

ఈ పనిలో పంతులుగారికి తెలియకుండగనే మరియొక లాభము కలిగినది. రాళ్ళపై చెక్కిన పాత వ్రాతలను చూచువానికి, భాష ఏనాడును ఒక్కచోట నిలిచియుండలేదను సత్యము కన్నులకు కట్టును. అక్షరము మారినది, మాట మారినది, క్రియారూపము మారినది. ఇది పుస్తకమున చదివి నమ్మిన విషయము గాదు. వ్రేళ్ళతో తడిమి తెలిసికొన్నది.

రెండవ వ్యసనము సవరలు. పర్లాకిమిడి చుట్టును గల కొండలు సవరల నివాసములు. వారమునకొకసారి వారు కట్టెలు, చింతపండు, అడవి సరకులు మోసికొని పట్టణపు సంతకు దిగివచ్చెడివారు. సంతలో వారికి తెలిసిన తెలుగు ముక్కలు నాలుగు. వర్తకులకు తెలిసిన సవర ముక్కలు నాలుగు. తూకములో మోసము జరిగినను, కోర్టులో దోషము మోపబడినను తమ గోడు తమ మాటలలో చెప్పుకొను వీలు వారికి లేదు. మధ్యవర్తి ఏమి చెప్పిన అదియే వారి వాఙ్మూలము. దీనిని పట్టణములో అందరును చూచుచుండిరి. పంతులుగారు మాత్రము ఆ భాష నేర్వవలెనని నిశ్చయించుకొనిరి.

నేర్చుట ఎట్లు? నాటికి సవరభాషకు వ్యాకరణము లేదు, చెప్పుకొనదగిన నిఘంటువు లేదు, లిపియే లేదు. తెలుగు, సవర రెండును తెలిసిన ఒక సవరను పంతులుగారు తమ యింటనే ఉంచుకొని, అతనిని గురువుగా భావించి నేర్చుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో ఒక బ్రాహ్మణ గృహస్థు ఇంటిలో ఇట్టి ఏర్పాటు ఎంత వింతగా తోచియుండునో ఊహింపదగును. శాస్త్రము చెప్పించుకొనుటకు శిష్యుడు గురువు ఇంటికి పోవుట లోకమెరిగినదే. ఇచ్చట గురువే శిష్యుని యింటికి వచ్చి కూరుచుండెను.

ఆ భాష సులభమైనది కాదు. అది తెలుగునకుగాని, ఒడియాకుగాని చుట్టము కాదు. ముండా భాషల కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబపు దూరపు బంధువులు బర్మా, కంబోడియా, వియత్నాము దేశములలో కలవు. గొంతుకలో గాలిని ఠక్కున ఆపి పలుకు ధ్వని ఒకటి అందున్నది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరము లేదు. లెక్క చూచినను వింతయే. తెలుగువారు పదులతో లెక్కింపగా సవరలు పండ్రెండుతోను, ఇరువదితోను లెక్కింతురు. పదమూడనుటకు 'పండ్రెండు-ఒకటి' అందురు. ముప్పదిమూడనుటకు 'ఇరువది-పండ్రెండు-ఒకటి' అందురు. ఆటవికుల భాషలో వ్యాకరణమేమి యుండునని నవ్వినవారు ఆ లెక్క నాలుగు సారులు తప్పులేకుండ చెప్పవలసినచో నవ్వు మానియుందురు.

పంతులుగారు నేర్చి ఊరకుండలేదు. తెలుగు లిపిలో సవర వాచకములు వ్రాసిరి; కథలు, పాటలు, పదముల పట్టికలు సేకరించిరి. సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. మద్రాసు ప్రభుత్వము ఆ పుస్తకములను ముద్రించి పారితోషికము ఈయబోగా, ఆ సొమ్ము తమకు వలదనియు, దానితో సవరలకు బడి పెట్టవలసినదనియు వారు కోరిరని ప్రసిద్ధి. పిల్లవానికి మొదటి చదువు తల్లిభాషలోనే చెప్పవలెనని నేడు విద్యావేత్తలు సభలలో తీర్మానించుచున్నారు. పర్లాకిమిడి కొండలలో ఒక బడిపంతులు దానిని శతాబ్దమునకు ముందే, ఏ తీర్మానమును లేకయే, తన జీతపు డబ్బుతో చేసి చూపెను.

ఈ వ్యసనమునకు పంతులుగారు చెల్లించిన వెల ఒకటి కలదు. కొండలలో తిరుగుటవలన మలేరియా జ్వరము పట్టుకొన్నది. నాటి మందు క్వినైను. దానిని విస్తారముగా పుచ్చుకొనుటచే జ్వరము తగ్గెనుగాని చెవులు దెబ్బతినినవి. ధ్వనులను పట్టుకొనుటయే పనిగా పెట్టుకొన్న మనిషికి వినికిడి పోయినది. గాయకునికి గొంతు, చిత్రకారునికి కన్ను పోయినట్లే ఇదియును. మరియొకడైనచో అచ్చటితో పుస్తకము మూసియుండును. పంతులుగారు కుమారుడు సీతాపతిగారిని తోడు చేసికొని పని సాగించిరి. ముప్పదియేండ్లకు మించిన శ్రమ పిమ్మట 1931లో ఆంగ్లమున సవరభాషా వ్యాకరణము, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మద్రాసు ప్రభుత్వపు ముద్రణమున వెలువడినవి. నిఘంటువు అచ్చైననాడు వారి వయస్సు డెబ్బదియైదు. ముండా భాషలను పరిశీలించు దేశవిదేశ పండితులకు ఆ గ్రంథములు తరువాత ఎన్నో యేండ్లు ఆధారములైనవి.

ఇప్పుడు మూడవ వ్యసనము. 1907లో ఉత్తర జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఏ. యేట్సు అను ఆంగ్లేయునికి ఒక సందేహము కలిగినది. జనులు మాటలాడు తెలుగు ఒకటి, బడిలో పుస్తకముల తెలుగు మరియొకటి, ఈ భేదమేమి? విశాఖపట్టణమున ఏ.వి.యన్. కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారిగా గురజాడవారిని, గిడుగువారిని చూపిరి. పరదేశీయుడు అడిగిన చిన్న ప్రశ్న పంతులుగారిలో చిరకాలమునుండి పేరుకొన్న ఎండుకట్టెలకు నిప్పంటించినట్లయ్యెను. సవర పిల్లవానికి వాని మాటలో చదువు చెప్పుచున్న మనిషి, తెలుగు పిల్లవానికి వాని మాటలో ఏల చెప్పరాదని అడుగకుండ ఎట్లుండగలడు? శాసనములలో వేయేండ్ల మార్పులు చూచిన మనిషి, భాష నన్నయనాటనో చిన్నయసూరినాటనో ఆగిపోయినదని ఎట్లు నమ్మగలడు?

1911లో ముప్పదియేండ్ల ఉద్యోగమునుండి విరమించి, మిగిలిన జీవితమును వారు ఈ వాదమునకు ధారపోసిరి. ఎదుటివారు సామాన్యులు కారు. ఆంధ్రసాహిత్య పరిషత్తును నడిపిన జయంతి రామయ్య పంతులుగారివంటి ఉద్దండులు గ్రాంథికపక్షమున నిలిచిరి. వారి ఆందోళన అర్థరహితమైనదియు కాదు. మాటలాడు భాష జిల్లాకొక తీరు, కులమునకొక తీరు; దానిని వ్రాతకెక్కించినచో తెలుగువారందరికి ఉమ్మడియైన భాష ఏది మిగులునని వారు భయపడిరి. దీనికి గిడుగువారి సమాధానము స్పష్టము. ఏ మాట పడిన ఆ మాట వ్రాయుమని వారు చెప్పలేదు. చదువుకొన్నవారు సభలలో, ఇండ్లలో వాడు శిష్టవ్యావహారికమే వ్రాతకు తగినదనిరి. ప్రాచీన వచనమును, లేఖలను, వ్యాఖ్యానములను గాలించి, పూర్వులును వాడుకరూపములు వ్రాసిరని చూపుటకు 'గద్యచింతామణి'ని కూర్చిరి. గ్రాంథికవాదుల గ్రంథములలోనే గ్రాంథిక వ్యాకరణమునకు విరుద్ధమైన ప్రయోగములను ఏరి 'ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజ'మున పట్టిక వేసిరి. వైద్యులకే వైద్యము చేసినట్టి ఆ పుస్తకము పేరులోని చమత్కారము పంతులుగారి స్వభావమునకు అద్దము.

1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము స్థాపితమయ్యెను. అధ్యక్షులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు, కార్యదర్శి రామమూర్తిగారు. జీవితమంతయు గ్రాంథికమున వ్రాసిన కందుకూరివారిని తుదిదినములలో తమవైపు త్రిప్పుకొనుట గిడుగువారి విజయములలో పెద్దది. ఆ మేనెలలోనే కందుకూరివారు కీర్తిశేషులైరి. అదే సంవత్సరమున గిడుగువారు 'తెలుగు' అను మాసపత్రికను స్థాపించిరి. అది యేడాది నడచెను. నష్టమెవరిదో చెప్పనవసరము లేదు. 1925లో తణుకు సభలో వారు నాలుగు గంటలు ఉపన్యసించిరి. పుస్తకముల మూటలు విప్పుట, పుట చూపుట, తప్పు చదువుట, మరల మరియొక పుట. శ్రోతలకు అది ఉపన్యాసమో శిక్షయో తెలిసియుండదు. ప్రతిపక్షులు కేకలు వేసినను వినబడని చెవులు అట్టి సభలలో వారికి కవచమై యుపకరించియుండును.

పంతులుగారిలో లోపములు లేవనుట వారిని అవమానించుటయే. వాదమున పట్టుబట్టినచో వారికి కాలముగాని, ఎదుటివాని ఓపికగాని తెలియకుండెను. ప్రత్యర్థి తప్పును ఒకసారి చూపి విడిచిపెట్టు గుణము వారికి లేదు, పదిసారులు చూపుదురు. పుస్తకములకు, పత్రికకు, ప్రయాణములకు, బడులకు వ్యయమైన సొమ్ము ఇంటి సొమ్మే. లోకము మెచ్చు ఇట్టి వింతమనుష్యుల వెనుక, లోకమెరుగని ఇల్లాలు, పిల్లలు సర్దుకొని గడపిన దినములు ఎన్నో యుండును. స్మారకసభలలో వారి పేరును తలచుకొనుట న్యాయము.

బిరుదములు ఆలస్యముగ వచ్చినవి. ప్రభుత్వము రావుసాహేబు బిరుదమిచ్చెను. 1934లో కైజర్-ఇ-హింద్ పతకమిచ్చెను. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1938లో కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. కాని ఆ నడుమ ఒక దుఃఖము కలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా పర్లాకిమిడి అందులో చేరెను. ఏబదియేండ్లకు మించి నివసించిన ఊరిని విడిచి పంతులుగారు రాజమహేంద్రవరము చేరిరి. ఒడియావారిపై ద్వేషముచేత గాదు; తెలుగువారు పెక్కుమంది గల ఊరిలో తెలుగు బడులు ఏమగునోయను బాధచేత. కొండలలో సవరలకు జరిగిన అన్యాయమును చూచి కరగిన మనస్సు, తమవారికి అదియే జరుగునేమోయని కలతపడుట వింత కాదు. 1940 జనవరి మధ్యమున పత్రికాసంపాదకుల నుద్దేశించి వాడుకభాషను గూర్చి తుది విన్నపము చేసిరి. వారము దినములకే, జనవరి 22వ తేదీన, పరమపదించిరి. పత్రికలును, పాఠ్యపుస్తకములును ఆ విన్నపమును క్రమముగా పాటించినవి.

సవరల సంగతి ఏమైనది? 1936లోనే, గిడుగువారు పర్లాకిమిడి విడిచిన సంవత్సరముననే, సవరలలో మాంగై గమాంగో అను నాయకుడు తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అను సొంతలిపిని కల్పించెను. నేడు ఆ లిపి కంప్యూటరుల అక్షరవ్యవస్థయైన యూనికోడ్‌లో చోటు సంపాదించుకొన్నది. ఒక జాతి మేలుకొన్నదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

ఛత్తీస్‌గఢ్‌లోను సవరలు కలరు. మహానది ఒడ్డున శివరీనారాయణ క్షేత్రము రామునికి ఎంగిలిపండ్లు పెట్టిన శబరి పేరు చెప్పుకొనుచున్నది. కాని ఈ ప్రాంతపు సవరలు తమ పూర్వభాషను కోల్పోయి ఛత్తీస్‌గఢీయో, ఒడియాయో మాటలాడుచున్నారు. కొండలకు ఆవల ఒక పంతులు వ్రాసియుంచినందున భాష పుస్తకములలోనైన నిలిచినది. ఈవల అట్టివాడు కలుగలేదు. ఐతరేయ బ్రాహ్మణమున విశ్వామిత్రుని సంతతియని చెప్పబడిన జాతుల పట్టికలో ఆంధ్రులు, శబరులు ఒకే వాక్యమున పేర్కొనబడిరి. అంతటి పాత ఇరుగుపొరుగు వారి మాట నేర్చుకొనుటకు తెలుగువాడొక్కడు బయలుదేరుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టినది.

భిలాయి ఉక్కు కర్మాగారమునకు 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన మొదటి కొలిమి వెలిగిననాటినుండి, ఉద్యోగమునకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు ఎన్నో. వైశాలినగరపు వీథులలో నేడు తాతలు తెలుగు చదువుదురు, కొడుకులు మాటలాడుదురు, మనుమలు అర్థము చేసికొని హిందీలో బదులు చెప్పుదురు. శివరీనారాయణ సవరల కథయు ఇట్లే మొదలైయుండును. ఆదివారము సాయంకాలము పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించు ఉద్యోగి ఒక్కడున్నచో ఆ కథ వేరుగా ముగియవచ్చును. అతనికి జీతముండదు, ఇంటిలో విసుగుకొనువారుందురు, పొరుగువారు పిచ్చి యందురు. ఆ పిల్లల ప్రక్కన ఛత్తీస్‌గఢీయో గోండీయో మాటలాడు పనివాని బిడ్డను గూడ కూర్చుండబెట్టి, వాని మాట నాలుగు ముక్కలు తానును నేర్చుకొనువాడైనచో, గిడుగు పంతులుగారి వ్యసనము అతనికి నిజముగా అంటినదని చెప్పవచ్చును.